గొంగడి చేసినవాళ్ల పేరు గొంగడి మీదే ఉండాలి

గొంగళ్లూ గొంగడి ఉన్నితో చేసిన సరుకులూ అమ్మే దుకాణాలకు, సంస్థలకు, సహకార సంఘాలకు బహిరంగ లేఖ

అందరికీ నమస్తే.

సూటిగా విషయానికొస్తాను. మీరు అమ్మే ప్రతి గొంగడి మీదా దాన్ని నేసినవాళ్ల పేరు, ఆ ఉన్ని వడికినవాళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు ఉండాలి. దారంతో వేలాడదీసే అట్టముక్క మీద కాదు, గొంగడి మీదే. అది కూడా మీ ఆఫీసులో ప్రింటు కొట్టి అంటించేది కాకుండా, నేసిన ఇంట్లోనే, పని బాగా వచ్చిందని వాళ్లకు నమ్మకం కుదిరాక వాళ్ల చేతుల్తో వాళ్లు వేసే గుర్తు అయ్యుండాలి. ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ మధ్య ఒక ఎగ్జిబిషన్‌లో గొంగడి కొన్నాను. సరుకు మంచిదే, వంక పెట్టడానికి లేదు. దానికి వేలాడుతున్న అట్ట మీద బ్రాండ్ పేరుంది, ధర ఉంది, ఎలా ఉతకాలో ఉంది, వెనకవైపు తరతరాల వారసత్వం గురించి నాలుగు వాక్యాలున్నాయి, తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన ఫొటో ఉంది. ఇది ఆయన నేసిందేనా అని అడిగితే స్టాల్‌లో ఉన్న అమ్మాయి "కాదండీ, అన్నిటికీ అదే ఫొటో" అంది. మరి ఎవరు నేశారు అంటే "మా ఆర్టిజన్స్". ఏ ఊరు అంటే "మెదక్ సైడ్ అనుకుంటా". ఆ అమ్మాయిని ఏమీ అనడానికి లేదు, ఆమెకెవరూ చెప్పలేదు. కానీ ఆ అట్ట రాయించినవాళ్లకు, డిజైన్ చేయించినవాళ్లకు, ఫొటో తీయించినవాళ్లకు తెలిసే ఉంటుంది కదా. నాలుగు వాక్యాల చోటు దొరికినప్పుడు రెండు పేర్లకు చోటు దొరకలేదా?

మీలో కొందరు గొంగడిని సోఫా మీద పరుచుకునే అలంకరణ వస్తువుగా అమ్ముతున్నారు. అమ్మండి, అభ్యంతరం లేదు. కానీ అది పుట్టింది ఆరుబయట బతికే మనిషి కోసం. వానలో మంద వెంట నిలబడ్డవాడికి గొడుగు పనికిరాదు, చేతిలో కర్ర ఉండాలి, రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. గొంగడిని ఒక కొసన మడిచి నెత్తిన ముసుగులా వేసుకుంటే తల నుంచి పిక్కల దాకా కప్పుతుంది. దక్కని గొర్రె ఉన్ని ముతకది, దానికి సహజంగా ఉండే జిడ్డు వల్ల వాన నీళ్లు వెంటనే లోపలికి దిగవు, కాస్త తడిసినా వెచ్చదనం పోదు. ఎండాకాలం చెట్టు కింద అదే పరుపు, రాత్రి మంద దగ్గర అదే దుప్పటి, దారిలో గొర్రె ఈనితే పిల్లను చుట్టి ఎత్తుకొచ్చేది అందులోనే. పర్వతాలెక్కేవాళ్లు టెంటు, జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ అని మూడు కొనుక్కుంటారు. మన గొర్రెలకాపరికి ఆ మూడూ ఇదొక్కటే. అంటే ఒక మనిషి చలికీ వానకూ తట్టుకోవడం ఇంకో మనిషి చేతిపని మీద ఆధారపడి ఉందన్నమాట, అలాంటి వస్తువు ఎవరు చేశారో తెలియకుండా ఎలా అమ్ముతాం?

గొంగడికి గౌరవం లేదని ఎవరూ అనలేరు. గద్దర్ భుజం మీద గొంగడి లేకుండా ఆయన్ని ఊహించుకోలేం. గొర్రెలు కాసే, గొంగళ్లు నేసే కురుమల దైవం బీరప్ప కొలుపుల్లో దాని స్థానం దానికుంది. రాజకీయ సభల్లో నాయకుడి భుజాన గొంగడి కప్పి చేతిలో గొర్రెపిల్లను పెట్టడం ఏ పార్టీ అయినా చేసేదే, మర్నాడు పేపర్లో ఫొటో కూడా పడుతుంది. కప్పించుకున్నవాళ్ల పేరు పడుతుంది, కప్పినవాళ్ల పేరు పడుతుంది, నేసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. మనకు వస్తువుల మీద పేర్లు రాయించే అలవాటు లేక కాదు. పెళ్లికి ఇచ్చిన స్టీలు బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ చెక్కిస్తాం. గుడికి ఫ్యాన్ ఇస్తే రెక్కల మీద దాత పేరు రాయిస్తాం. ఇచ్చినవాళ్లు గుర్తుండాలని అంత తాపత్రయపడే మనకు చేసినవాళ్లు గుర్తుండాలని ఎందుకు తోచదో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

ఒకప్పుడు అవసరం లేకపోయింది, అదీ నిజమే. నేసిన కురుమ ఇల్లు పక్క వీధిలోనే ఉండేది. రెండు వానలకే గొంగడి పోగులు ఊడితే కొన్నాయన నేరుగా ఆ ఇంటి ముందుకెళ్లి నిలబడేవాడు. బాగుంటే పది మందికి చెప్పేవాడు. పేరు గొంగడి మీద లేకపోయినా ఊరందరి నోట్లో ఉండేది. ఇప్పుడు గొంగడి హైదరాబాద్ వస్తోంది, బెంగళూరు వెళ్తోంది, అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లకు చేరుతోంది, దాని ఉన్నితో బ్యాగులు, చాపలు, పొలంలో వేసుకునే బూట్లు కూడా వస్తున్నాయి. సంతోషించాల్సిన విషయమే. కానీ కొన్నవాడికీ చేసినవాడికీ మధ్య ఉన్న ఆ మాటామంతీ తెగిపోయింది. తెగినచోట ఇప్పుడు మీ బ్రాండ్ ఉంది.

ఇక పని గురించి. గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. దాన్ని చెత్తా ముళ్లూ ఏరి, ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. ఈ వడకడం దాదాపు అంతా ఆడవాళ్ల పని, ఇప్పుడు చాలా ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లే మిగిలారు. తర్వాత పడుగును, అంటే మగ్గం మీద నిలువుగా ఉండే పోగులను, వీధిలో బారుగా సాగదీసి, చింతగింజల పొడి ఉడికించిన చిక్కటి గంజిని పెద్ద కుంచెతో పట్టిస్తారు. ఇది చూస్తే మామూలుగా అనిపిస్తుంది, కానీ పనంతా ఇక్కడే ఉంది. గంజి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడితే పోగు మగ్గం మీద రేగిపోతుంది, అడ్డపోగును అటూ ఇటూ లాక్కెళ్లే నాడె ఆడుతుంటే తెగుతుంది. కుంచె ఒకే వైపు, ఒకే ఒత్తిడితో, పోగులు ఒకదానికొకటి అంటుకునేలోపే నడవాలి. ఎండ మరీ ఎక్కువైనా చిక్కే, మబ్బు పట్టినా చిక్కే. కొత్త గొంగడి బిరుసుగా ఉండేది ఈ గంజి వల్లే, వాడేకొద్దీ మెత్తబడుతుంది. (ఈ ముక్క మీ అట్టల మీద రాస్తే కొన్నవాళ్లు గరుకుగా ఉందని వాపసు తేవడం సగం తగ్గుతుంది. ఒక్క అట్ట మీదా నాకిది కనిపించలేదు.)

చేత్తో వడికిన నూలు ఇద్దరిది ఒకలా ఉండదు. ఒకామె పోగు సన్నగా, పురి గట్టిగా ఉంటుంది, ఇంకొకామెది కాస్త లావుగా, వదులుగా. నేసేవాళ్లు చేత్తో తడిమి ఇది ఫలానా ఆమె నూలు అని చెప్పేస్తారు. అంటే పేరు ఆ గొంగడిలో ఇప్పటికే ఉంది, చదవగలిగినవాళ్లకు. మనలాంటివాళ్లకు కూడా చదవొచ్చేలా పెట్టమంటున్నా, అంతే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు, బయటి దేశాల్లో ఆరుబయట వాడే సామాన్లకు ఈ పద్ధతి ఉంది, బాగా నడుస్తోంది కూడా. స్వీడన్‌లో గ్రాన్స్‌ఫోర్స్ అనే చిన్న ఊరుంది. 1902 నుంచీ అక్కడ గొడ్డళ్లు చేస్తున్న గ్రాన్స్‌ఫోర్స్ బ్రుక్ అనే కంపెనీ ఉంది. అడవుల్లో తిరిగేవాళ్లు, క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లు ప్రపంచమంతా ఆ గొడ్డళ్లు ఏరికోరి కొనుక్కుంటారు. ఒక్కో గొడ్డలి తల మీద కంపెనీ ముద్ర పక్కనే దాన్ని కొట్టిన కమ్మరి పేరులోని మొదటి అక్షరాలు ఉంటాయి. ఎవరో గుమాస్తా వేసే ముద్ర కాదది. కమ్మరి తన పని చూసుకుని, ఇది నాది అని చెప్పుకోవచ్చు అనుకున్నప్పుడు తనే వేస్తాడు. ఆ అక్షరాలు ఎవరివో కంపెనీ దాచదు.

ఆ ముద్ర వెనక ఇంకో సంగతి ఉంది, నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే. 1980ల్లో ఆ కంపెనీ మూతపడే స్థితి నుంచి కొత్త చేతుల్లోకి వచ్చాక, ఇన్ని గొడ్డళ్లకు ఇంత అనే లెక్కన కూలి ఇవ్వడం మానేశారు. లెక్క కోసం పరుగెత్తే కమ్మరి సరిగ్గా రాని దెబ్బను సానపట్టి, మెరుగుపెట్టి, రంగేసి కప్పేస్తాడు. పరుగు లేకపోతే సుత్తి దెబ్బతోనే పని సరిగ్గా తేల్చొచ్చు, ఆ తర్వాత కప్పాల్సిందేమీ ఉండదు. అందుకే ఆ గొడ్డళ్లకు రంగు ఉండదు, సుత్తి దెబ్బల గుర్తులు అలాగే కనిపిస్తుంటాయి. పేరు వేయించడమూ కూలి పద్ధతి మార్చడమూ కలిసి నడిచాయి. మొదటిది చేసి రెండోది చేయకపోతే పేరు శిక్షే అవుతుంది.

హిల్లెబెర్గ్ అని ఇంకో స్వీడిష్ కంపెనీ, 1971లో మొదలైంది, మంచు కొండల్లో వేసుకునే టెంట్లకు పేరుమోసింది. టెంట్లు కుట్టేది ఎస్తోనియాలో. అక్కడా కుట్టినవాళ్ల పేరు టెంటు లోపలి ట్యాగ్ మీద ఉంటుంది. గాలివానలో ఆ టెంటు లోపల పడుకున్న మనిషి తల తిప్పితే ఆ పేరు కనిపిస్తుంది. ఎంత ధైర్యం అది!

కాబట్టి నేనడిగేది అట్ట మీద ఇంకో వరుస చేర్చమని కాదు. పేరు పెట్టే హక్కు వాళ్లకు ఇస్తే, పేరు పెట్టను అనే హక్కు కూడా వాళ్లకే ఇచ్చినట్టు. ఉన్ని బాగాలేదు, దీనికి నా పేరు వేయను అని వడికే ఆమె అనగలగాలి. మీరు ఇచ్చిన గడువు చాలదు, ఇంకో వారం కావాలి, తొందరపెడితే నా గుర్తు ఉండదు అని నేసే ఆయన అనగలగాలి. అలా అన్నందుకు ఆ నెల వాళ్ల ఇంట్లో పొయ్యి ఆరిపోకూడదు. గొంగడికి ఇంత అని బేరమాడి, పండక్కి ఆర్డర్ ఉంది తొందరగా కానివ్వండి అని ఫోన్ల మీద ఫోన్లు చేసి, చివర్లో పేరు కూడా వేయండి అంటే మాత్రం అది గౌరవం కాదు. లోపం వస్తే ఎవరిని పట్టుకోవాలో ముందే రాయించుకోవడం.

మీ అభ్యంతరాలు నేను ఊహించగలను. మొదటిది మీరు బయటికి చెప్పరు కానీ అసలు భయం అదే: పేరు, ఊరు తెలిస్తే కొనేవాళ్లు మమ్మల్ని దాటేసి నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్తారు కదా అని. మీరు చేసే పని చిన్నదని నేను అనను. ఊళ్లకు వెళ్లి సరుకు తేవడం, అమ్ముడుపోనిది భరించడం, స్టాల్ అద్దెలు, కొరియర్లు, వాపసులు, ఇవన్నీ ఎంత తలనొప్పో తెలుసు. కానీ స్వీడన్ గొడ్డలి కొన్నవాడెవడూ కమ్మరి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లడం లేదు, ఇంకో గొడ్డలి కావాలంటే ఆ కంపెనీ దగ్గరికే పోతున్నాడు. ఒకవేళ ఎవరైనా వెతుక్కుంటూ ఊరికే వెళ్లి నాలుగు గొంగళ్లు కొన్నారే అనుకోండి, దానికి మీరు బాధపడాల్సింది ఏముంది? నేతగాళ్ల కోసమే పనిచేస్తున్నాం అని మీ వెబ్‌సైట్‌లో మొదటి వాక్యం అదే కదా.

రెండోది, ఒక గొంగడిలో చాలా చేతులుంటాయి, ఎవరి పేరని వేస్తాం అంటారు. అందరిదీ వేయండి. కనీసం వడికినవాళ్లది, నేసినవాళ్లది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు కాబట్టి నేసినవాళ్ల పేరు ఒక్కటే వేస్తే, గొంగడికి పట్టే పనిలో పెద్ద భాగం చేసిన ఆడవాళ్లు మళ్లీ కనపడకుండా పోతారు. పేర్లు వేయడం మొదలుపెట్టి అందులో ఆమె పేరు వదిలేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. అలాగని అందరికీ తమ పేరు ఊరూరా తిరగడం ఇష్టం ఉండాలనీ లేదు. ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టొద్దు. ఫోన్ నంబర్లు అసలే వద్దు. పేరు వేయాలా, ఇంటిపేరు వేయాలా, ఒక గుర్తు చాలా అనేది వాళ్లు తేల్చుకుంటారు.

అక్షరాలు రానివాళ్లు ఏం చేస్తారు అని కూడా కొందరు అంటారు. గుర్తులు మనకు కొత్తా? నల్లజీడి రసంతో చాకలివాళ్లు బట్టల మీద పెట్టే గుర్తులతోనే ఊరందరి బట్టలూ ఇల్లు తప్పకుండా చేరేవి, అందులో ఒక్క అక్షరం ఉండేది కాదు. గొర్రెలకాపరులకు ఇంకా బాగా తెలుసు, చెవి కోతను బట్టో, ఒంటి మీద రంగును బట్టో రెండు మందలు కలిసిపోయినా ఎవరి గొర్రె ఎవరిదో విడదీసేస్తారు. గొర్రెకు గుర్తుంది, దాని ఉన్నితో చేసిన గొంగడికి లేదు. నల్ల గొంగడి మూలన తెల్ల ఉన్నితో చిన్న గుర్తు వేయడం మగ్గం ముందు బతికినవాళ్లకు ఎంతసేపు పని? ఒకరిది మూడు గీతలు, ఒకరిది రాట్నం, ఒకరిది తమ కొండ. ఆ గుర్తు ఎవరిదో మీ వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టండి. సిరా అయితే ముతక ఉన్ని మీద నిలవదు, అతికించిన స్టిక్కర్ మొదటి వానకే పోతుంది. నేసిన గుర్తు గొంగడి ఉన్నంత కాలం ఉంటుంది.

మూడోది, చెడిపోతే నింద వాళ్ల మీద పడదా అని. పడుతుంది, మీరు అడ్డు నిలబడకపోతే. గ్రాన్స్‌ఫోర్స్ గొడ్డలికి 20 ఏళ్ల గ్యారంటీ ఉంది, అది కంపెనీ ఇచ్చే గ్యారంటీ, కమ్మరి ఇచ్చేది కాదు. మీరూ అలాగే గొంగడికి మీ పేరు మీద పూచీ ఇవ్వండి, బాగుచేయాల్సి వస్తే బాగుచేసిన కూలి మీరే ఇవ్వండి. మెచ్చుకోలు మాత్రం వాళ్లదాకా చేరనివ్వండి. ఎక్కడో కొండల్లో మీ గొంగడి నన్ను కాపాడిందని ఎవరైనా మీకు మెయిల్ పెడితే అది మీ సోషల్ మీడియా పేజీలో పెట్టుకుని ఊరుకోకుండా, ఆ ఊరికి ఫోన్ చేసి చదివి వినిపించండి.

ప్రభుత్వ గుర్తులు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది, చేమగ్గం మీద నేసిందని అది చెప్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఏ ప్రాంతానిదో అది చెప్తుంది. 1985 చట్టం కొన్ని రకాల బట్టలను చేమగ్గాలకే కేటాయించింది, ఆ జాబితాలో కంబళి కూడా ఉంది. ఇవన్నీ కావాలి. కానీ వీటిలో ఏదీ మనిషి పేరు చెప్పదు. పైగా పానిపట్ నుంచి పాత బట్టల నూలుతో చేసిన చవక దుప్పట్లు వచ్చి పడుతుంటే చట్టం ఒక్కటే గొంగడిని నిలబెట్టలేకపోయింది, అది మీకు నాకంటే బాగా తెలుసు. దూరం నుంచి చూస్తే రెండూ నల్లగానే ఉంటాయి. కొనేవాడికి తేడా తెలియాలంటే, ఇది ఫలానా ఊళ్లో ఫలానా ఆమె వడికితే ఫలానా ఆయన నేశాడు అనే మాటకు మించిన రుజువు ఏముంది?

గొర్రెల సంగతి కూడా ఒక్క మాట. ఉన్ని ఉన్న దక్కని గొర్రె తగ్గిపోతోంది. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, మాంసానికి అదే లాభం కాబట్టి కాపరులు అటు మళ్లారు. 2017లో 75 శాతం సబ్సిడీతో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున తెలంగాణ ప్రభుత్వం పంచినప్పుడు కూడా లెక్క మాంసందే. కత్తిరించిన కూలి రాక ఉన్నిని పారేసే చోట్లున్నాయి. పేర్లు వేస్తే ఇదంతా మారిపోతుందని నేను అనడం లేదు. కానీ ఒక కాపరికి తన మంద ఉన్ని ఏ గొంగడి అయిందో, అది ఎంతకు అమ్ముడైందో తెలిస్తే, వచ్చేసారి ఉన్ని ధర మాట్లాడేటప్పుడు ఆయన గొంతు వేరేగా ఉంటుంది. మీకు అది ఇబ్బందే కావచ్చు. అయినా అడుగుతున్నాను.

ధర పెరుగుతుంది, తెలుసు. పెంచండి, ఎందుకు పెంచారో రాయండి, పెంచిన దాంట్లో వడికినవాళ్లకెంత, నేసినవాళ్లకెంత వెళ్లిందో కూడా రాయండి. కొనేవాళ్లలో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. కొనేవాళ్లకు కూడా ఇక్కడే చెప్తున్నా: ఈసారి గొంగడి చేతిలోకి తీసుకున్నప్పుడు ధర కంటే ముందు ఎవరు చేశారని అడగండి. తెలియదంటే, తెలుసుకుని చెప్పండి మళ్లీ వస్తాను అనండి. గొడవపడక్కర్లేదు.

అన్నీ ఒకేసారి చేయమని అనడం లేదు. మీతో ఎక్కువ కాలంగా పనిచేస్తున్న ఒక ఊరితో మొదలుపెట్టండి. వెళ్లి వాళ్లతో కూర్చుని అడగండి, మీ పేరు వేస్తారా, ఎలా వేస్తారు, దానికి ఎంత సమయం కావాలి, ఎంత కూలి కావాలి అని. వాళ్లు వద్దంటే ఎందుకు వద్దన్నారో రాయండి, అదీ మాకు తెలియాలి. ఆ ఉమ్మడి ఫొటో ఉన్న అట్టల్ని మాత్రం ఇప్పుడే తీసేయండి, దానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు. వచ్చే చలికాలం ఎగ్జిబిషన్ల లోపు మీలో ఎవరు మొదలుపెడతారో బహిరంగంగానే చెప్పండి, మీ దగ్గరికే వచ్చి కొంటాం.

ఇట్లు,
గొంగడి కొనే, కప్పుకునే ఒక మనిషి